ఇంట్లో పిల్లి: బెజవాడ ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

కుక్కను పెంచేవాళ్లకు సలహా చెప్పడానికి వీధికొకరు దొరుకుతారు. పిల్లి దగ్గరికొచ్చేసరికి "దానికేం, అదే బతుకుతుంది" అంటారు. అలా తనంతట తాను బతికేది వీధి పిల్లి. నాలుగో అంతస్తులో తలుపులేసిన ఇంట్లో ఉండే పిల్లి మనం పెట్టిందే తింటుంది, మనం తుడిచిన నేల మీదే నడుస్తుంది, మనం పారేసిన దారంతోనే ఆడుతుంది. దానికి ముంచుకొచ్చే ప్రమాదాల్లో సగం పైగా మనం రోజూ చూస్తూ పట్టించుకోని వస్తువుల్లోనే ఉంటాయి. ఈ కింది ప్రశ్నలు మన ఎండల్లో, మన ఫ్లాట్లలో, మన వంటిళ్లలో వచ్చేవి.

పిల్లి బయట తిరగాలా, ఇంట్లోనే ఉండాలా?

ఇంట్లోనే. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. "మా అమ్మమ్మగారింట్లో పిల్లి బయటే తిరిగేది, హాయిగా ఉండేది" అని చాలామంది అంటారు. ఆ పిల్లి ఎన్నేళ్లు బతికిందని అడిగితే మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఒకటి కనబడకుండా పోతే ఆ చోటికి ఇంకోటి వచ్చేది, అంతే. బెంజ్ సర్కిల్ వైపు బండ్లు, ప్రతి సందులో కుక్కల గుంపు, ఎవరో పెట్టిన ఎలుకల మందు, ఆ మందు తిన్న ఎలుక, మగపిల్లుల కొట్లాటలో గాట్ల ద్వారా అంటుకునే వైరస్‌లు, ఇవన్నీ గుమ్మం దాటితే ఉన్నవే.

అయితే తలుపు మూసేసి చేతులు దులుపుకుంటే కుదరదు. బయట దానికి ఏం దొరుకుతుంది? ఎక్కడానికి గోడ, దాక్కోవడానికి సందు, వేటాడటానికి ఏదో ఒక పురుగు, చూస్తూ కూర్చోవడానికి వీధి. ఈ నాలుగూ ఇంట్లో అమర్చాలి. కిటికీ పక్కన ఒక స్టూలు, బీరువా మీద ఒక పాత దుప్పటి, మూలన ఒక అట్టపెట్టె, పూటకు పది నిమిషాల ఆట. అటక మీదికి మెట్లలాగా రెండు చెక్కలు బిగించి ఇస్తే ఇక దాని ఆనందం చూడాల్సిందే. బిగించే ముందు సీలింగ్ ఫ్యాను ఎంత దూరంలో ఉందో మాత్రం కొలుచుకోండి. తిరిగే రెక్కల మీదికి ఏ పిల్లి దూకుతుందిలే అనుకోకండి, దీపప్పురుగు కనబడితే దూకుతుంది.

ఎంత ఎత్తు నుంచి పడినా పిల్లి కాళ్ల మీదే పడుతుంది కదా, బాల్కనీకి నెట్ అవసరమా?

కాళ్ల మీద పడటం నిజమే. గాల్లో ఒళ్లు తిప్పుకుని కాళ్లు కిందికి పెట్టుకునే నేర్పు దానికి పుట్టిన కొద్ది వారాలకే వస్తుంది. కానీ మూడో అంతస్తు నుంచి పడ్డప్పుడు ఆ కాళ్లు మొత్తం బరువును ఆపలేవు. వెంటనే గడ్డం నేలకు కొట్టుకుంటుంది, ఛాతీ కొట్టుకుంటుంది. దవడ విరగడం, అంగిలి చీలడం, ఊపిరితిత్తుల చుట్టూ గాలి చేరడం ఇలా పడిన పిల్లుల్లో మామూలుగా కనిపించే దెబ్బలు. పైకి రక్తం కనబడదు, అది నడిచి వచ్చి మంచం కింద దూరుతుంది, మనం "ఏం కాలేదు" అనుకుంటాం.

1987లో న్యూయార్క్‌లో ఇద్దరు పశువైద్యులు ఎత్తైన భవనాల మీంచి పడి ఆసుపత్రికి వచ్చిన 132 పిల్లుల గురించి రాశారు. చికిత్స అందిన వాటిలో 90 శాతం బతికాయని అందులో ఉంది. ఆ అంకెను చూసి ధైర్యపడేవాళ్లు ఒకటి మర్చిపోతారు: అక్కడికక్కడే చనిపోయిన పిల్లిని ఎవరూ ఆసుపత్రికి తీసుకురారు.

కాబట్టి నెట్ కావాలి, అదీ పిల్లికి తగిన నెట్. మన ఊళ్లో బాల్కనీలకు పావురాల కోసం వేసే నైలాన్ నెట్ పావురాలను ఆపడానికి చేసింది. పిల్లి దాన్ని కొరుకుతుంది, గోళ్లతో ఎక్కుతుంది. రెండు మూడు వేసవులు ఎండకు ఎండాక ఆ దారం చేత్తో లాగితే తెగుతుంది. డబ్బు పెట్టగలిగితే స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీ వేయించండి. లేదంటే నైలాన్ నెట్‌కు కింది మూడు అడుగుల మేర లోపలివైపు సన్నటి ఇనప జాలీ కలపండి. కన్ను ఒక అంగుళానికి మించకూడదు, పిల్లి కూన తల రెండంగుళాల సందులో సులువుగా దూరుతుంది. ఈమధ్య ఫ్లాట్లలో వేయిస్తున్న తీగల గ్రిల్, అదే ఇన్‌విజిబుల్ గ్రిల్, చంటిపిల్లలకు సరిపోతుందేమో గానీ పిల్లి కూనకు చాలదు.

బాల్కనీ అయిపోయాక మిగతావి చూడండి. బాత్‌రూమ్ వెంటిలేటర్‌లో ఊడిపోయిన గాజు పలక, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తీసేసిన కన్నం, ఏసీ బయటి పెట్టె ఉన్న సన్‌షేడ్. కిటికీలకు దోమల జాలీ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. ప్లాస్టిక్ జాలీని ఒక్క గీరుతో చీలుస్తుంది, అల్యూమినియం జాలీ అయినా గట్టి ఫ్రేమ్‌లో ఉండాలి. అద్దె ఇల్లయితే, గోడకు మేకులు కొట్టనివ్వకపోతే, గ్రిల్‌కే కేబుల్ టైలతో జాలీ కట్టించుకోవచ్చు. ఖాళీ చేసేటప్పుడు విప్పేస్తే మచ్చ కూడా ఉండదు.

నేల తుడవడానికి ఏం వాడాలి?

ఫినాయిల్ వద్దు. నల్లదీ వద్దు, తెల్లదీ వద్దు. నీళ్లలో కలిపితే పాలలా తెల్లబడే క్రిమిసంహారకాలు చాలావరకు ఫినాల్ జాతివి. డెట్టాల్ కూడా ఆ కోవలోదే. ఇలాంటి పదార్థాలను, కొన్ని మందులను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. కుక్కకు ఏమీ చేయని మోతాదు పిల్లిని పడేస్తుంది. అది సీసా మూత తీసి తాగక్కర్లేదు. తడి నేల మీద నడుస్తుంది, ఆ పాదాలు నాకి శుభ్రం చేసుకుంటుంది, అంతే.

గిన్నెల సబ్బు ద్రవం నాలుగు చుక్కలు బకెట్ నీళ్లలో చాలు. పనమ్మాయి వచ్చే ఇల్లయితే సీసాయే మార్చేయండి, రోజూ చెప్పే పని తప్పుతుంది. బ్లీచింగ్ వాడితే మళ్లీ మంచినీళ్లతో తుడిచి, ఆరేదాకా పిల్లిని వేరే గదిలో పెట్టండి. పిల్లి ఉచ్చ పోసిన చోట మాత్రం బ్లీచింగ్ పోయొద్దు. అందులోని అమ్మోనియాతో కలిసి ఘాటైన గ్యాస్ వస్తుంది, మీకూ మంచిది కాదు.

బీరువాలో కలరా ఉండలు ఉంటే తీసేయండి. హారతి కర్పూరం డబ్బీకి మూత ఉండాలి. జలుబు చేసిందని పిల్లి ముక్కుకు బామ్ రాయడం, పేలు పట్టాయని టీ ట్రీ నూనె పూయడం, ఇవి ప్రేమతో చేసే ప్రమాదాలు. దోమల కాయిల్, లిక్విడ్ గాలి ఆడే గదిలో వాడుకోవచ్చు, ఒలికితే నాకకుండా చూసుకోండి. కుక్కల కోసం మెడ మీద వేసే గోమార మందుల్లో పెర్మెత్రిన్ ఉంటే అది పిల్లికి విషం. ఇంట్లో రెండూ ఉంటే, కుక్కకు మందు వేసిన రోజు పిల్లిని దూరంగా ఉంచండి.

జ్వరంగా ఉంది. సగం డోలో వేయొచ్చా?

వద్దు. పావు కూడా వద్దు. పారాసెటమాల్ ఏ పేరుతో వచ్చినా ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు. రక్తం ఆక్సిజన్ మోయలేకపోతుంది, చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి. పొరపాటున తింటే ఎదురుచూడకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. విరుగుడు ఉంది, ఆలస్యమైతే పనిచేయదు. పిల్లి ఒళ్లు మామూలుగానే మనకన్నా వేడిగా ఉంటుంది, 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా అది జ్వరం కాదు.

ఇంట్లో ఏ మొక్కలు ఉండకూడదు?

అన్నిటికన్నా ముందు లిల్లీ. ఇక్కడ పూల కొట్లో లిల్లీ అని దండల్లో కట్టి ఇచ్చే తెల్లటి నేలసంపెంగ సంగతి కాదు. పెళ్లిళ్ల బొకేల్లో వచ్చే పెద్ద రేకుల అసలు లిల్లీ. దాని ఆకు, రేకు, పుప్పొడి, కుండీలో మిగిలిన నీళ్లు, ఏది కొంచెం లోపలికి పోయినా పిల్లికి రెండు మూడు రోజుల్లో మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎవరైనా బొకే ఇస్తే అందులో లిల్లీ ఉందేమో గుమ్మం దగ్గరే చూడండి.

గన్నేరు గుండెను దెబ్బతీస్తుంది. సైకాస్ కాలేయాన్ని. మనీప్లాంట్, డైఫెన్‌బాకియా కొరికితే నోరు మండి చొంగ కారుస్తుంది, ప్రాణం పోయేంత కాదు గానీ బాధ పడుతుంది. కలబంద కూడా పిల్లికి పడదు. తులసి, మందారం ఉండొచ్చు. పిల్లికి గడ్డి కొరికే సరదా ఉంటుంది కాబట్టి ఒక కుండీలో గోధుమలు చల్లి మొలక ఇవ్వండి, మీ మిగతా మొక్కలు బతుకుతాయి.

దారం ఉండతో ఆడుకుంటే ముద్దొస్తుంది. ప్రమాదమా?

మీరు పట్టుకుని ఆడిస్తే కాదు, వదిలేసి వెళ్తే ప్రమాదమే. పిల్లి నాలుక మీద గొంతు వైపు తిరిగిన ముళ్లుంటాయి. దారం నోట్లో పడితే ఉమ్మేయడం దానికి కష్టం, మింగుతూ పోతుంది. ఒక కొస నాలుక కింద చిక్కుకుని ఇంకో కొస పేగుల్లోకి దిగితే పేగు ముడతలు పడి, దారం దాన్ని కోసేస్తుంది. ఆపరేషన్ తప్ప దారి ఉండదు.

మన ఇళ్లలో అన్నిటికన్నా చెడ్డది పూలు కట్టే దారం. సాయంత్రం హాల్లో కూర్చుని మల్లెలు కట్టాక తెగిన ముక్కలు సోఫా కింద పడతాయి. వాడిన పూల దండ చెత్తబుట్టలో పడుతుంది, పూల వాసనకు పిల్లి దాన్ని లాగుతుంది. ఆ తర్వాత కుట్టుమిషను దగ్గర సూదితో ఉన్న దారం, సంక్రాంతి నాటి గాలిపటాల మాంజా, స్వీటు డబ్బాల మీది రిబ్బను, జడ రబ్బరు బ్యాండ్లు. దారం మలద్వారం నుంచి వేలాడుతూ కనిపిస్తే లాగొద్దు, లోపల పేగు తెగుతుంది. కత్తిరించనూ వద్దు, అలాగే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మన ఎండలకు పిల్లి తట్టుకుంటుందా?

నాటు పిల్లి కొంత తట్టుకుంటుంది. పర్షియన్ తట్టుకోదు. చప్పిడి ముక్కు, ఒంటినిండా బొచ్చు, చెమట పట్టేది పాదాల అడుగున మాత్రమే. అలాంటిదాన్ని మే నెలలో పై అంతస్తు స్లాబు కింద పెట్టడం ఎంత కష్టమో రోహిణి కార్తెలో మనకే తెలుస్తుంది. పర్షియన్‌ను కొనబోతున్నవాళ్లు దాని ధర కన్నా ముందు మీ కరెంటు బిల్లు సంగతి ఆలోచించుకోండి. నన్నడిగితే ఈ ఊరికి నాటు పిల్లే సరి. చిన్న బొచ్చు, ఎండ తెలిసిన ఒళ్లు, పైగా వీధిలో ఒక ఆకలి తగ్గుతుంది.

ఏసీ లేకపోయినా చేయగలిగినవి చాలా ఉన్నాయి. పొద్దున తొమ్మిది దాటేసరికి తూర్పు కిటికీలు, మధ్యాహ్నం పడమటి కిటికీలు మూసి కర్టెన్లు దించండి. ఇంట్లో చల్లటి చోటు ఏదో పిల్లికే తెలుసు: బాత్‌రూమ్ గచ్చు, దేవుడి గది నాపరాయి, మంచం కింద మూల. ఆ తలుపులు తెరిచి ఉంచండి. నీళ్లు మట్టి మూకుడులో, రెండు మూడు చోట్ల, తిండికి దూరంగా పెట్టండి. నాలుగు కిలోల పిల్లికి తిండితో కలిపి రోజుకు 200 మిల్లీలీటర్ల దాకా నీరు కావాలి. గిన్నె వెడల్పుగా ఉంటే మీసాలు తగలకుండా హాయిగా తాగుతుంది. కరెంటు పోయినప్పుడు తడిపి పిండిన తువ్వాలు నేల మీద పరిచి ఉంచండి, దాని మీద పడుకోవాలా వద్దా అన్నది దాని ఇష్టం. బొచ్చు గుండు కొట్టించొద్దు. చిక్కులు లేకుండా దువ్వితే చాలు, ఆ బొచ్చే ఎండను కొంత ఆపుతుంది.

పిల్లి నోరు తెరిచి కుక్కలా రొప్పుతోందంటే వడదెబ్బ మొదలైందనే అనుకోవాలి. పిల్లికి అది మామూలు పని కాదు. చిగుళ్లు ఎర్రబడతాయి, తూలుతుంది, వాంతి చేసుకుంటుంది. ఒంటి వేడి 105 డిగ్రీలు దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. మామూలు కుళాయి నీళ్లతో పొట్ట, చంకలు, పాదాలు తడిపి ఫ్యాను కింద పెట్టండి. ఐసు నీళ్లు పోయొద్దు, పైన రక్తనాళాలు ముడుచుకుని లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. నోట్లో బలవంతంగా నీళ్లు పోయొద్దు. తడుపుతూనే డాక్టరు దగ్గరికి బయల్దేరండి.

మా ఇంట్లో మాంసం వండం. పెరుగన్నంతో పిల్లిని పెంచలేమా?

పెంచలేరు. పిల్లి మాంసం మీదే బతికేలా పుట్టింది. టారిన్ అనే పోషకం మాంసంలో, చేపలో ఉంటుంది, అన్నంలో, పప్పులో ఉండదు. దాన్ని పిల్లి తన ఒంట్లో చాలినంత తయారు చేసుకోలేదు. అది లేక నెలలు గడిస్తే కంటిచూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. పెరుగన్నం తిన్న పిల్లి బాగానే ఉందని చెప్పేవాళ్లుంటారు. ఆ పిల్లి పక్కింటి చేపల తలలు కూడా తింటూ ఉంటుంది, వీళ్లకు తెలియదు.

ఇంట్లోకి మాంసం రానివ్వని వాళ్లకు తోవ ఉంది. అన్ని పోషకాలూ ఉన్నాయని సంచి మీద రాసిన పిల్లుల డ్రై ఫుడ్ తెచ్చి, విడి గిన్నెలో, బాల్కనీ వైపు పెట్టండి. అది కూడా ఇష్టం లేకపోతే పిల్లిని తెచ్చుకోకండి. ఇద్దరికీ ఇబ్బందే.

మాంసం వండే ఇళ్లలో జరిగే తప్పు వేరు: కూరలోంచి ముక్క తీసి పెట్టడం. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి. పచ్చివైనా, వేయించినవైనా, మసాలా ముద్దలో కలిసినవైనా ఒకటే. వండే ముందే రెండు ముక్కలు తీసి ఉప్పు లేకుండా ఉడకబెట్టి, ఎముక తీసి పెట్టండి. ఉడికిన ఎముక చీలికలై గుచ్చుకుంటుంది. పచ్చి చేప రోజూ పెట్టకండి, కొన్ని చేపల్లో బి1 విటమిన్‌ను పాడుచేసే గుణం ఉంది. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష వద్దు.

మరి పాలు?

పెద్ద పిల్లుల్లో చాలావాటికి ఆవు, గేదె పాలు అరగవు, విరేచనాలవుతాయి. కళ్లు మూసుకుని తాగుతుంది నిజమే, తర్వాత శుభ్రం చేసేది మీరు.

లిట్టర్ బాక్స్, అంటే పిల్లి మలమూత్రాల కోసం లిట్టర్ అనే గుళికలు పోసి పెట్టే పెట్టె, వాసన లేకుండా ఎలా?

రోజూ తీస్తే వాసన ఉండదు, మూడు రోజులకోసారి తీస్తే ఏ బ్రాండు లిట్టరూ కాపాడదు. పిల్లుల సంఖ్యకు ఒకటి కలిపి అన్ని బాక్సులు పెట్టమంటారు. చిన్న ఫ్లాటులో ఒక్క పిల్లికి ఒక పెద్ద బాక్సుతో నడిపేవాళ్లున్నారు, శుభ్రంగా ఉంచితే నడుస్తుంది. పిల్లి ఒంటి పొడవుకు ఒకటిన్నర రెట్లు పొడవున్న ప్లాస్టిక్ టబ్బు, రెండు మూడు అంగుళాల మందాన లిట్టర్. కొన్నది ఖరీదనిపిస్తే జల్లించిన ఇసుక, ఘాటు లేని రంపపు పొట్టు కూడా పనికొస్తాయి, గడ్డకట్టవు కాబట్టి తరచూ మార్చాలి. తిండి పక్కన, వాషింగ్ మెషీన్ పక్కన పెట్టకండి. ఆ మెషీన్ ఒక్కసారి దడదడలాడితే ఇక ఆ మూలకు రాదు. అన్నట్టు, ముందు తలుపుండే మెషీన్ వేసే ముందు లోపల చెయ్యి పెట్టి చూడండి, పిల్లికి ఆ గూడు చాలా ఇష్టం. లిట్టర్‌ను కమోడ్‌లో పోయకండి, అపార్టుమెంటు మొత్తం మీ పేరు చెప్పుకుంటుంది.

బాక్సు మానేసి మంచం మీద ఉచ్చ పోస్తోంది. పగ పట్టిందా?

పిల్లికి పగ ఉండదు. బాక్సు మురికిగా ఉండొచ్చు, లిట్టర్ మార్చి ఉండొచ్చు, ఇంటికి కొత్త మనిషి వచ్చి ఉండొచ్చు, లేదా మూత్రంలో మంట. ముందు జబ్బు లేదని తేల్చుకోవాలి.

మగపిల్లి మాటిమాటికీ బాక్సులోకి వెళ్లి కూర్చుని, ముక్కి, అరిచి, చుక్క కూడా రాకుండా లేస్తోందంటే తెల్లారేదాకా ఆగకండి. మలబద్ధకం అనుకుని ఆముదం పట్టకండి. మూత్రనాళం మూసుకుపోయిందేమో. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఈ మొత్తం పేజీలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి.

సోఫా చింపకుండా ఎలా ఆపాలి?

గీరడం ఆపలేం, చోటు మార్చగలం. గోళ్ల పై పొర రాల్చుకోవడానికీ ఒళ్లు విరుచుకోవడానికీ దానికి గీరక తప్పదు. మూడడుగుల కొయ్యకు కొబ్బరితాడు బిగుతుగా చుట్టి, ఊగకుండా నిలబెట్టి, అది గీరుతున్న సోఫా పక్కనే పెట్టండి. మూలన పెడితే పట్టించుకోదు. ఇంట్లో పాత నులక మంచం ఉంటే ఇంకేం కొనక్కర్లేదు. గోళ్ల కొసలు రెండు మూడు వారాలకోసారి కత్తిరించండి, లోపల గులాబీ రంగు కనిపించే చోటికి పోకుండా.

ఇంట్లో గర్భిణి ఉంది. పిల్లిని ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు.

ఇచ్చేయక్కర్లేదు. భయం టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. అది పిల్లి మలంలో వస్తుంది, కానీ పడిన వెంటనే అంటుకోదు, కనీసం ఒక రోజు గడవాలి. కాబట్టి లిట్టర్ రోజూ తీయాలి, ఆ పని ఇంకెవరైనా చేయాలి. ఆమే చేయాల్సి వస్తే గ్లౌజు, తర్వాత సబ్బు. పచ్చిమాంసం పెట్టని, బయట తిరగని పిల్లికి అది సోకే అవకాశమే తక్కువ. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, తోట మట్టి వీటి నుంచి రావడానికే ఎక్కువ వీలుంది. అత్తగారికి మీరు చెబితే వినకపోవచ్చు, గైనకాలజిస్టుతో చెప్పించండి.

గీరింది, రక్తం వచ్చింది. రేబిస్ ఇంజెక్షన్ కావాలా?

ముందు కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం ఏదీ అద్దకండి. తర్వాత డాక్టరుకు చూపించి ఇంజెక్షన్ సంగతి ఆయన్నే తేల్చమనండి. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. వీధి పిల్లి అయితే రెండో ఆలోచన వద్దు. మీ పిల్లికి పన్నెండు వారాల వయసులో రేబిస్ టీకా, ఏడాదికి బూస్టర్ వేయించి ఉంటే ఈ రాత్రి ప్రశాంతంగా నిద్రపోతారు. మిగతా రోగాల టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారు వారాలదాకా వేయించాలి.

బల్లుల్ని తింటోంది. తిననివ్వాలా?

వీలైనంతవరకు వద్దు. బల్లుల ద్వారా పిల్లి పిత్తనాళాల్లో చేరే ఒక పురుగు ఉంది, ఎక్కువైతే కామెర్లు వస్తాయి. రాత్రి ట్యూబులైటు చుట్టూ బల్లి లేని ఇల్లు బెజవాడలో ఎక్కడుంది గనక! నట్టల మందు వేయించేటప్పుడు బల్లులు తింటుందని డాక్టరుకు చెప్పండి, మామూలు మందు దానికి చాలదు.

ఆపరేషన్ చేయిస్తే పాపం కదా? ఒక్క ఈతైనా ఈననివ్వాలంటారు.

ఆ ఒక్క ఈత వల్ల తల్లికి ఒరిగేదేమీ లేదు. నాలుగైదు నెలలకే చూలు కట్టగలదు, తొమ్మిది వారాల్లో నలుగురైదుగురు పిల్లలు. అవి మళ్లీ ఆరు నెలల్లో తల్లులు. చివరికి ఏం జరుగుతుంది? సంచిలో వేసి కృష్ణ అవతల వదిలేసి వస్తారు. పెంచుకున్న జంతువును అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. ఆపరేషన్ అయిన మగపిల్లి గోడల మీద ఘాటుగా చల్లడం, రాత్రుళ్లు ఏడుస్తూ తిరగడం చాలావరకు మానేస్తుంది. ఆడపిల్లికి గర్భసంచిలో చీము పట్టే ముప్పు తప్పుతుంది. పాపం సంగతి మీరే తేల్చుకోండి.

పొద్దున్నే ఎదురొస్తోందని పక్కఫ్లాటు పెద్దాయన గొడవ. అసోసియేషన్ పంపేయమంటే పంపేయాలా?

అపార్టుమెంటు సంఘాలు పెంపుడు జంతువుల్ని నిషేధించడానికి వీల్లేదని కేంద్ర జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలిచ్చింది. కాగితం చూపించొచ్చు. కానీ కాగితం కన్నా తలుపు మూసి ఉంచడం బాగా పనిచేస్తుంది. కారిడార్‌లో తిరగని పిల్లి ఎవరికీ ఎదురురాదు. పెద్దాయన బైకు సీటు మీద గోళ్ల గీతలు పడితే మాత్రం సీటు కవరు కొనివ్వండి, శకునం సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.

దీపావళికి ఏం చేయాలి?

చీకటి పడకముందే లోపలి గదిలో పెట్టి కిటికీలు మూసి, ఫ్యాను శబ్దం ఉండనివ్వండి. మంచం కింద దాక్కుంటే లాగొద్దు. కార్తీకమాసం మొత్తం దీపాలు తోక అందని ఎత్తులో పెట్టండి.

మళ్లీ వరదొస్తే?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల్లో జనం రోజుల తరబడి పై అంతస్తుల్లో, డాబాల మీద ఉండిపోయారు. పడవ వచ్చినప్పుడు ఐదు నిమిషాల్లో దిగాలి. పిల్లి ఆ ఐదు నిమిషాల్లో బుట్టలోకి ఎక్కదు. భయపడిన పిల్లి చేతుల్లో నిలవదు, నీళ్లలోకి దూకుతుంది.

అందుకే మూత ఉన్న గట్టి క్యారియర్ ఒకటి ఎప్పుడూ హాల్లోనే, తలుపు తెరిచి, లోపల దాని దుప్పటితో ఉంచండి. రోజూ అందులో నిద్రపోయే పిల్లిని ఏ అర్ధరాత్రయినా మూత వేసి ఎత్తుకోవచ్చు. డబ్బాలో వారానికి సరిపడా తిండి, రెండు బాటిళ్ల నీళ్లు, టీకా కార్డు, మీరూ అదీ కలిసి ఉన్న ఫొటో ఒక కవర్లో. వర్షాలు మొదలవగానే గ్రౌండ్‌ఫ్లోర్ వాళ్లు పైఅంతస్తు వాళ్లతో మాట్లాడి పెట్టుకోండి. సంపు మూత మాత్రం వర్షాకాలమనే కాదు, ఎప్పుడూ బిగించే ఉండాలి.

నాలుగు రోజులు ఊరెళ్తున్నాం. తిండి ఎక్కువ పెట్టి వెళ్లిపోవచ్చా?

ఒక్క రాత్రికి పర్వాలేదు, నాలుగు రోజులకు కుదరదు. ఎవరైనా రోజూ వచ్చి చూడాలి. పిల్లి తిండి మానేస్తే, ముఖ్యంగా లావుపాటి పిల్లి, రెండు మూడు రోజుల్లోనే కాలేయం కొవ్వుపట్టి జబ్బుపడుతుంది. అందుకని వచ్చేవాళ్లకు "గిన్నె నింపు" అని కాదు, "ఎంత తిందో చూడు" అని చెప్పండి. కొత్త చోట వదలడం కన్నా సొంతింట్లో ఉంచి మనిషిని రప్పించడం మేలు.

డాక్టరు దగ్గరికి ఎలా తీసుకెళ్లాలి? బండి మీద ఒళ్లో పెట్టుకుంటే చాలదా?

చాలదు. ఒక్క లారీ హారన్‌కు చేతుల్లోంచి జారిపోతుంది. క్యారియర్ మీద పలచటి గుడ్డ కప్పితే లోపల నిమ్మళంగా ఉంటుంది. ఎండాకాలం పొద్దున్నో సాయంత్రమో, వీలైతే ఆటోలో. కారులో ఏసీ ఆపి వదిలి వెళ్లొద్దు, రెండు నిమిషాలకైనా.

ఊళ్లో పెంపుడు జంతువుల క్లినిక్‌లు ఉన్నాయి. వెళ్లే ముందే ఫోన్ చేసి పిల్లుల్ని చూస్తారా, రాత్రిపూట ఎవరుంటారు అని అడిగి నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. అవసరం వచ్చిన రాత్రి వెతుక్కునే తీరిక ఉండదు. పెద్ద పరీక్షలు, ఆపరేషన్లు అవసరమైతే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. పిల్లి ఏం తిందో అనుమానం ఉంటే ఆ మందు పట్టీ, ఆ మొక్క కొమ్మ, ఆ సీసా వెంట తీసుకెళ్లండి.